తిరుమల మెట్ల మీద కిలిమంజారో ట్రైనింగ్: నా అనుభవం

"కిలిమంజారో ఎక్కుదాం రా పిన్నీ" అని మా అక్క కూతురు ఫోన్ చేసేనాటికి నాకు 42 ఏళ్లు. ఆఫీసులో లిఫ్ట్ పనిచేయని రోజు మూడో అంతస్తుకు చేరాక రెండు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేను, అంత ఆయాసం. అయినా సరేనన్నాను. తాళ్లు పట్టుకుని పాకే పని లేదు, నడవగలిగితే చాలు అని అది చెప్పింది నిజమే కానీ, ఆ నడక ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన కొండ మీదికి, 5,895 మీటర్ల ఎత్తుకు అన్న ముక్క మాత్రం ఫోన్ పెట్టేసే ముందు చెప్పింది.

సెప్టెంబర్‌లో ప్రయాణం, చేతిలో ఆరు నెలలు. మొదటి నెల ఇంట్లోనే: వారానికి మూడు రోజులు స్క్వాట్లు, ఒక కాలు ముందుకేసి మోకాలు వంచి లేచే లంజెస్, పెరటి గుమ్మం మెట్టు మీద ఎక్కి దిగడం. బోర్ కొట్టే పని, దాని గురించి రాయడానికేం లేదు. మాది తిరుపతి కాబట్టి కొండ లేదని తప్పించుకునే వీలు లేకపోయింది. రెండో నెల నుంచి ప్రతి ఆదివారం తెల్లారకముందే అలిపిరి.

చిన్నప్పటి నుంచి ఎక్కుతున్న 3,550 మెట్లే కదా అనుకున్నాను. గాలిగోపురం దాకా ఉన్న రెండు వేల పైచిలుకు మెట్లే అసలు పరీక్ష, ఆ తర్వాత దారి కాస్త కనికరిస్తుంది, మళ్లీ చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర పట్టుకుంటుంది. మొదటి ఆదివారం హుషారుగా గబగబా మొదలుపెట్టి మూడొందల మెట్లకే కూలబడ్డాను. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వంగి లేస్తూ వస్తున్న ఒక పెద్దావిడ నన్ను దాటుకుని వెళ్లిపోయింది. నేను లేచేసరికి కనుచూపు మేరలో లేదు.

ఆవిడ వెనకే వచ్చిన గుంపు నుంచి నాకో కొలత దొరికింది. ఎక్కుతూ "గోవిందా గోవింద" అని గొంతెత్తి ఒక్క ఊపిరిలో అనగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మధ్యలో తెగిందంటే తగ్గించాలి. గుండె వేగం చూపించే వాచీ కూడా కొన్నాను కానీ దానికంటే ఇదే నయం. ఇలా మెల్లగా, ఆగకుండా గంటల తరబడి నడిచే ఓపిక పెంచుకోవడమే ఈ కొండకు కావలసిన ట్రైనింగ్‌లో ముప్పావు భాగం, పరుగులు కాదు.

తర్వాత బరువు. బ్యాగులో మూడు కిలోల బియ్యంతో మొదలుపెట్టి, మెల్లగా పది కిలోల దాకా పెంచాను. కిలిమంజారో మీద పెద్ద సామాను పోర్టర్లు మోస్తారు, మన వీపు మీద ఐదారు కిలోలకు మించి ఉండదు, అయినా ఎక్కువతో అలవాటైతే తక్కువ తేలిగ్గా ఉంటుందని. "ఏం మొక్కమ్మా, తులాభారం బియ్యమా?" అని అడిగేవాళ్లు. కాదని మొదలుపెడితే ఆఫ్రికా దాకా చెప్పాలి, అందుకని అవునని తలూపేదాన్ని. పైకి చేరాక అఖిలాండం దగ్గర నిలబడి గుడి వైపు ఒక దణ్ణం, మళ్లీ బియ్యంతో సహా బస్సెక్కి ఇంటికి. దర్శనం కూడా చేసుకోకుండా వచ్చేస్తావా అని మా అత్తయ్య ప్రతి వారం అడిగేది.

ఇందులో నేను చేసిన తప్పులు రెండూ మీకు కనబడే ఉంటాయి, నాకు మాత్రం టాంజానియా వెళ్లేదాకా కనబడలేదు. ఒకటి, ఆ మెట్లు చెప్పులు లేకుండానే ఎక్కుతాం, కాబట్టి ట్రెక్కింగ్ బూట్లు యూనివర్సిటీ క్యాంపస్‌లో చదును రోడ్డు మీద తిప్పడమే తప్ప వాలు మీద ఒక్కసారీ వేసుకోలేదు. రెండోది, బస్సు.

ఎక్కడం వరకు బాగానే జరిగింది. మచామే దారిలో ఏడు రోజులు. గైడ్ రోజంతా "పోలె పోలె" అంటాడు, స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. నన్ను దాదా అని పిలిచేవాడు, ఏంటీ రౌడీ పిలుపు అనుకున్నాను, వాళ్ల భాషలో అక్క అనట! లావా టవర్ దగ్గర, 4,600 మీటర్ల మీద, తలనొప్పి పట్టుకుంది. ఎంత ట్రైనింగ్ చేసినా అది రాదన్న భరోసా లేదు, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి రోజులు పట్టాల్సిందే. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సగమే. బరాఫు క్యాంపు నుంచి అర్ధరాత్రి బయల్దేరి, స్టెల్లా పాయింట్ దగ్గర సూర్యోదయం చూసి, కిలిమంజారో కొన అయిన ఉహురు శిఖరం బోర్డు పట్టుకుని ఏడ్చాను. మాటలు రాక కాదు, ముక్కు కారుతూ చలికి.

అసలు కథ అక్కడ మొదలైంది. అదే రోజు మ్వెకా క్యాంపు దాకా దిగాలి, దాదాపు 2,800 మీటర్లు. అంటే మన తిరుమల కొండ నాలుగుసార్లు వరసగా దిగినట్టు. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును బ్రేకులా ఆపాలి. ఈ రెండో పని, మొదటి నెల ఇంట్లో చేసిన కాస్త తప్ప, దానికి నేను నేర్పనేలేదు, కొండ మీంచి ప్రతిసారీ బస్సులోనే దిగాను కదా. ఇసుక, కంకర కలిసి జారే వాలు మీద గంటకే తొడలు వణికాయి, తర్వాత మోకాళ్లు మాట వినడం మానేశాయి, ప్రతి అడుగుకూ బొటనవేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకునేవి. చివరి గంట గైడ్ చెయ్యి పట్టుకునే దిగాను. మా అక్క కూతురు మాత్రం ముందు హాయిగా పోతోంది, అది బెంగళూరులో తను ఉండే అపార్ట్‌మెంట్ పద్నాలుగు అంతస్తులూ ఎక్కి, మెట్ల మీదే దిగేదట. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడి, ఇంటికొచ్చిన మూడు వారాలకు ఊడిపోయింది.

ఆ బియ్యం అత్తయ్య వృథా పోనివ్వలేదు, అన్నిసార్లు కొండెక్కిన బియ్యమంటే ప్రసాదమేనని పరమాన్నం చేసింది.

వచ్చే ఏడాది మళ్లీ ఎక్కడికో వెళ్దామంటోంది అక్క కూతురు. అందుకే ఇప్పుడు కొత్త బియ్యం సంచితో ఆదివారాలు బస్సులో పైకి వెళ్లి మెట్ల మీద దిగుతున్నాను. ఎక్కుతూ ఎదురొచ్చేవాళ్లు ఆయాసపడుతూనే "దర్శనం బాగా అయిందా అమ్మా?" అని అడుగుతారు. అయిందనే చెబుతాను.