డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాకా

దక్షిణాఫ్రికాలో డర్బన్ నుంచి పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాకా దాదాపు 86 కిలోమీటర్లు, దారంతా కొండలే, పన్నెండు గంటల్లో చేరాలి, ఒక్క సెకను దాటినా మెడల్ లేదు. దీన్ని కామ్రేడ్స్ మారథాన్ అంటారు, మామూలుగా ఒక ఏడాది ఇటు, మరో ఏడాది అటు పరుగెత్తుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తోటి సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాపమ్ అనే మాజీ సైనికుడు 1921లో మొదలుపెట్టాడు. ఆ ఏడాది 34 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 16 మందే. నేను 2024 జూన్‌లో పరుగెత్తాను.

ఫొటోలు పెట్టగానే అందరూ నా పట్టుదలని మెచ్చుకున్నారు. పట్టుదల నాదే, కాదనను, కానీ దానికోసం ఖర్చయిన టైమ్ ఎక్కువగా మా ఇంట్లోవాళ్ళది. జూన్‌లో పరుగంటే గట్టి ప్రాక్టీసంతా మార్చి నుంచి మే దాకా, అంటే హైదరాబాద్‌లో నడి వేసవి. ఎండ ఎక్కేలోపు లాంగ్ రన్ అయిపోవాలంటే మూడింటికే లేవాలి, దానికోసం శనివారం రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి, నేను పడుకుంటే ఇంట్లో టీవీ బంద్, చుట్టాలు రావడం బంద్. పిన్ని కూతురి పెళ్ళిలో తలంబ్రాలు చూడకుండానే వచ్చేశాను, తను ఇప్పటికీ అంటూ ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య నేను వచ్చేసరికి రాగి జావ కాచి పెట్టేది. పాపకి జడలు వేయడం మా ఆయన నేర్చుకున్నారు, అంతకన్నా పెద్ద విషయం, ఆదివారం పొద్దున జరిగే నాటకాల రిహార్సల్స్‌కి వెళ్ళడం మానేశారు. ఎందుకు మానేశారో ఆయన చెప్పలేదు, నేనూ చాలా రోజులు అడగలేదు.

డర్బన్‌లో రన్నర్ స్నేహితురాలి బంధువుల ఇంట్లో, చాట్స్‌వర్త్‌లో, దిగాను. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో మొదలైన వలసల్లో వాళ్ళ పూర్వీకులు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చారట. ఆ ఇంటి అమ్మమ్మగారికి తెలుగు మాటలు కొన్నే వచ్చు, రామ భజన మాత్రం తప్పు లేకుండా పాడతారు. పరుగు ముందు రోజు రాత్రి అన్నం, పప్పు పెట్టి, “మీ పాపని ఎవరు చూస్తున్నారమ్మా?” అని ఇంగ్లీషులో అడిగారు. అక్కడికి వెళ్ళాక ఆ మాట అడిగింది ఆవిడొక్కరే.

తెల్లవారుజామున ఐదున్నరకి, ఇంకా చీకటిగానే ఉంది, సిటీ హాల్ ముందు వేలమంది కలిసి షోషొలోజా పాడతారు. ఇల్లూ పిల్లల్నీ వదిలి రైలెక్కి గనుల్లో పనికి వెళ్ళిన మగవాళ్ళ పాట అది. భాష తెలియకపోయినా నాకు ఏడుపొచ్చింది.

కౌవీస్ హిల్, ఫీల్డ్స్ హిల్, బోథాస్ హిల్ బాగానే ఎక్కాను. డ్రమండ్‌లో సగం దూరం అవుతుంది, అది దాటగానే ఇంచాంగా కొండ మొదలు. ఆ దారిలోనే ఎథెంబెని బడి ఉంది, వైకల్యం ఉన్న పిల్లలు, చూపు సరిగా లేని పిల్లలు చదివే బడి. పిల్లలు రోడ్డు పక్కన వరసగా చేతులు చాచి ఉన్నారు. టైమ్ పోయినా పర్లేదని నడుస్తూ అందిన ప్రతి చేతినీ తాకుతూ వెళ్ళాను. ఆ కాసేపు కాళ్ళ నొప్పి గుర్తులేదు.

అసలు కష్టం ఆ తర్వాతే. కామ్పర్‌డౌన్ దాటి ఉమ్లాస్ రోడ్ వైపు, దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటది, సుమారు 800 మీటర్లు. తొడలు బిగుసుకుపోయాయి, తాగిన నీళ్ళు కడుపులో ఆగడం లేదు. అప్పుడు ఫ్రాన్సెస్ హేవర్డ్ గుర్తొచ్చింది. ఆడమనిషని 1923లో ఆమె ఎంట్రీ ఒప్పుకోలేదు, అయినా పరుగెత్తి 11 గంటల 35 నిమిషాల్లో చేరింది. మెడల్ ఇవ్వలేదు కానీ తోటి రన్నర్లు, చూడ్డానికొచ్చినవాళ్ళు కలిసి వెండి టీ సెట్ ఇచ్చారు. ఆడవాళ్ళని, నల్లవాళ్ళని అధికారికంగా రానిచ్చింది 1975లో. ఇది తెలిసిన మనిషిని, నాకు ఊరికే దొరికిన పరుగు నంబర్‌ని చేతులారా వదిలేయలేకపోయాను. అటుగా వచ్చిన ఒక ‘బస్’లో కలిశాను, అంటే టైమ్‌కి చేరేలా వేగం చూసుకునే ఒక పేసర్ వెనక లెక్కపెట్టుకుంటూ కాస్త నడిచి కాస్త పరుగెత్తే గుంపు. పోలీ షార్ట్స్ కొండ వాళ్ళతోనే ఎక్కాను, పదకొండున్నర గంటలు దాటాక గీత దాటాను.

ఇంత పోగొట్టుకుని ఏం వచ్చింది అని అడుగుతారు. ఆ చివరి ఇరవై కిలోమీటర్లలో నేను ఎవరి భార్యనీ, తల్లినీ, ఉద్యోగినీ కాదు. ఆగాలా సాగాలా అన్నది పూర్తిగా నా నిర్ణయం. అలా ఉండటం నాకు పెళ్ళయ్యాక అంతసేపు ఎప్పుడూ దొరకలేదు. దానికోసం మళ్ళీ అన్ని వేసవి పొద్దులూ ఇవ్వగలను.

కానీ అవి నా ఒక్కదానివి కావు. ఫోన్ చేస్తే ఇంటి దగ్గర రాత్రి తొమ్మిది దాటింది, పొద్దుట్నించీ నేను ఎక్కడున్నానో చూపించే యాప్‌లో నా చుక్కని చూస్తూ కూర్చున్నారట, పాప అన్నం కూడా ఆ ఫోన్ ముందే తిన్నదట. మొదటిసారి పూర్తి చేసినవాళ్ళు వెంటనే మరుసటి ఏడాది కూడా పూర్తి చేస్తే బ్యాక్-టు-బ్యాక్ మెడల్ అని ఇంకోటి ఇస్తారు, ఆ అవకాశం జీవితంలో ఒక్కసారే. వెళ్ళమనే అన్నారు మా ఆయన. నేను పేరు ఇవ్వలేదు. ఆయన మళ్ళీ రిహార్సల్స్‌కి వెళ్తున్నారు, ఆదివారం జడలు నేనే వేస్తున్నాను.