వెనక సీటు మధ్యలో నాన్నమ్మ

మావాడికి మొన్న ఏప్రిల్లో 16 నిండాయి. టెక్సాస్‌లో ఆ వయసుకి లైసెన్స్ ఇచ్చేస్తారు కాబట్టి మా పాత హోండా సీఆర్‌వీ వాడి చేతికి వెళ్లింది. వెళ్లిన వారానికే కారులో సౌండ్ బాగోలేదని గొడవ మొదలుపెట్టాడు. పన్నెండేళ్లు అదే బండిలో ఘంటసాలని, బాలుని వింటూ ఆఫీసుకెళ్లాను, నాకెప్పుడూ ఏ లోటూ కనిపించలేదు. ఆ మాటంటే, “దట్స్ ద ప్రాబ్లమ్, నాన్నా” అన్నాడు.

స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డు పని చేసి దాచుకున్న డబ్బుతో నాలుగు తలుపులకీ ఆరున్నర అంగుళాల స్పీకర్లు కొన్నాడు. స్నేహితుడి దగ్గర ఒక పాత నాలుగు చానళ్ల ఆంప్లిఫయర్ తీసుకున్నాడు, చానల్‌కి 50 వాట్లు. బిగించడానికి షాపులో అడిగిన కూలి విన్నాక మా ఆవిడ, “ఇంట్లో ఇంజినీరు ఉండగా బయట ఇవ్వడమెందుకు?” అంది. నేను రాసేది జావా. అయినా ఆ మాటకి పొంగిపోయి ఒప్పుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మావాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడు. నాలుగేళ్లు వారాంతపు తెలుగు బడికి తిప్పాం, ఒత్తులు తప్పులేకుండా రాస్తాడు. “అన్నం తిన్నావా” అంటే మాత్రం “యా” అంటాడు. మే నెలలో అమ్మ తెనాలి నుంచి వచ్చింది, విజిటర్ వీసా మీద, ఆరు నెలలకి. వచ్చిన పదిరోజుల్లో వీళ్లిద్దరి మధ్యా నడిచిన సంభాషణ అంతా కలిపితే ఒక పోస్టుకార్డులో పట్టేది. నాకు లోపల టెన్షన్. వాడు ఇంగ్లిష్‌లో జవాబిచ్చినప్పుడల్లా అదే ప్రశ్న ఇంకాస్త గట్టిగా తెలుగులో అడిగేవాణ్ని.

జూన్‌లో మా ఫ్రిస్కో ఎండ తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఆరున్నరకి గరాజ్ తలుపు ఎత్తి, తొమ్మిదయ్యేసరికి దించేసేవాళ్లం. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది, ఒళ్లో ఏదో ఒక పని పెట్టుకుని. మొదటి రోజు వెల్లుల్లిపాయలు.

బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి లావుపాటి కరెంటు వైరు లాగాలి. బ్యాటరీకి జానెడు, రెండు జానల దూరంలోనే ఫ్యూజ్ పెట్టాలి. దారిలో వైరు ఎక్కడైనా రాసుకుపోయి ఇనుముకి తగిలితే కారుకి నిప్పంటుకోకుండా కాపాడేది అదే. ఆ వైరుని ఇంజిన్ గదిలోంచి లోపలికి రబ్బరు బిరడాలోంచి దూర్చి, కారుకి ఎడమ పక్క కార్పెట్ కింద తీసుకెళ్లాం. స్టీరియో నుంచి పాట మోసుకెళ్లే సన్న వైర్లని కుడి పక్క వేశాం. రెండూ పక్కపక్కనే వెళ్తే ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రొద పాటలో దూరుతుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లో కుయ్యిమని దోమలా లేస్తుంది.

ఈ పనిలో నేను గమనించింది ఏమిటంటే, చేతులు ఖాళీ లేనప్పుడు నా నోట ఇంగ్లిష్ రాదు. దూర్చు, లాగు, వదులు, బిగించు, గీకు, ఒత్తిపట్టు. మావాడు కారు కింద తలపెట్టి ఉన్నాడు, తిరిగి “వాట్?” అనే తీరిక వాడికీ లేదు. వైరు చివర ప్లాస్టిక్ తీయాల్సి వచ్చినప్పుడు “అది ఒలువు” అన్నాను. వాడు తల బయటికి పెట్టి నాన్నమ్మ వైపు చూశాడు. ఆవిడ వేళ్ల మధ్య వెల్లుల్లి రెబ్బ ఎత్తి చూపించి, “ఇట్లాగే రా. లోపల దానికి గాటు పడకూడదు” అంది. రాగి పోగుకి గాటు పడితే అక్కడే తెగుతుందని నేను వాడికి ఎలా చెప్పాలా అనుకుంటున్నాను, ఆ పని ఆవిడ చేసేసింది. ఆ తర్వాత ఎనిమిది స్పీకర్ వైర్లూ “ఒలిచాను, నెక్స్ట్” అంటూ చేశాడు.

ఇక అసలు పని ట్యూనింగ్. ఆంప్లిఫయర్ మీద ముందు జతకి ఒకటి, వెనక జతకి ఒకటి గెయిన్ అనే చిన్న స్క్రూలు ఉంటాయి. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని మొత్తం తిప్పబోయాను. మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. “నాన్నా, ఇట్స్ నాట్ ఎ వాల్యూమ్ నాబ్.”

వాడు చెప్పాక చదివి తెలుసుకున్నాను, వాడిదే నిజం. స్టీరియో పంపే సిగ్నల్ ఎంత బలంగా ఉందో ఆంప్లిఫయర్‌కి తెలియజెప్పే మీట అది. స్టీరియో బలంగా పంపిస్తుంటే గెయిన్ తక్కువ చాలు. అవసరానికి మించి తిప్పితే ఆంప్లిఫయర్ తన శక్తికి మించి సాగబోయి శబ్దతరంగం కొసల్ని కత్తెరేసినట్టు కోసేస్తుంది. మనకది ఎక్కువ సౌండ్‌లాగే అనిపిస్తుంది, కాస్త గరగరగా. లోపల ట్వీటర్, అంటే సన్నటి శబ్దాలు పలికే బుల్లి స్పీకర్, కాలిపోతూ ఉంటుంది.

లెక్క చిన్నదే. వాట్లని ఓమ్‌లతో, అంటే స్పీకర్ కరెంటుని అడ్డుకునే కొలతతో హెచ్చించి వర్గమూలం తీస్తే ఎన్ని వోల్టులు రావాలో తెలుస్తుంది. మాకు 50 వాట్లు, 4 ఓమ్‌లు, అంటే 200. దాని వర్గమూలం 14.1. స్పీకర్ వైర్లు ఊడదీసి, స్టీరియోలో బాస్, ట్రెబుల్ అన్నీ సున్నాకి తెచ్చి, ముందువెనకల సర్దుబాటు మధ్యలో పెట్టి, 1000 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వేశాం. వాల్యూమ్ 40లో 30 దగ్గర ఉంచి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఆంప్లిఫయర్ కొసల మీద ఆనించాను. మావాడు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే నేను అంకెలు చదువుతున్నాను. పదకొండు. పన్నెండున్నర. పదమూడు. “మెల్లగా!” పద్నాలుగు పాయింట్ ఒకటి. ఆపాడు. వెనక జతకీ అదే వోల్టేజీ వచ్చినప్పుడు చూస్తే రెండు స్క్రూల గీతలూ ఒకే చోట లేవు. పాత పెట్టె కదా, స్క్రూ పక్కన అచ్చువేసిన అంకెల్ని నమ్మడానికి లేదు.

అక్కడి నుంచి మాకు పేచీ. మావాడి సిద్ధాంతం ప్రకారం పాట ముందు నుంచే రావాలి, కచేరీలో వేదిక మన ముందే ఉంటుంది కదా. గొంతు డాష్‌బోర్డు మధ్యలో నిలబడాలి, వెనక స్పీకర్లు ఉన్నాయో లేవో అన్నట్టుండాలి. కాబట్టి వెనక జతని 7 వోల్టులకి దించాలన్నాడు. వోల్టేజీ సగమైతే పవర్ నాలుగో వంతు అవుతుంది, 50 వాట్లు కాస్తా పన్నెండున్నర. కార్ ఆడియో పిచ్చి ఉన్నవాళ్లంతా ఇదే చెబుతారు. ఒంటరిగా కారు నడుపుకునేవాడికి అది సరే. మా కారు ఎప్పుడూ ఒంటరిగా నడవలేదు. మావాడు, చెల్లెలు, ఆరేసి నెలలు నాన్నమ్మో అమ్మమ్మో, వెనక సీటు ఏనాడూ ఖాళీ లేదు. నా మాట సాగలేదు, డబ్బు వాడిది.

శనివారం హనుమాన్ గుడికి బయల్దేరాం. వాడు డ్రైవింగ్, పక్కన నేను. వెనక మా ఆవిడ ఒక కిటికీ దగ్గర, చిన్నది ఇంకో కిటికీ దగ్గర, మధ్యలో అమ్మ. నాన్నమ్మ కోసమని వాడే ఘంటసాల పాత పాట ఒకటి పెట్టాడు. ముందు సీట్లో అద్భుతం. ఇన్నేళ్లుగా వింటున్న పాటలో నాకెప్పుడూ వినపడని వీణ వినపడింది.

“బాగుందా అమ్మా?” అన్నాను.

“ఏమోరా. ఆయన గొంతులా లేదు. కుండలో తలపెట్టి పాడుతున్నట్టుంది.”

సౌండ్ చాల్లేదనుకుని వాల్యూమ్ పెంచాను. ఇంకా బోలుగా ఉందంది. స్టీరియోలో వెనక వైపుకి నాలుగు గీతలు జరిపాను. “ఇప్పుడసలు ఆయన లేడు, మద్దెల ఒక్కటే టకటకమంటోంది” అంది. మా ఆవిడ కిటికీ పక్క నుంచి “నాకు బాగానే ఉందే” అంది. వయసు మీద పడింది, చెవులు అంతే మరి అనుకుని నేను ఊరుకున్నాను. ఆ మాట పైకి అననందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

మావాడు ఊరుకోలేదు. గుడి పార్కింగ్‌లో బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, వెనక్కి వెళ్లి నాన్నమ్మని జరగమని ఆవిడ చోట్లో కూర్చున్నాడు. అర నిమిషం కళ్లు మూసుకుని విన్నాడు. ఒక పక్కకి వంగాడు, ఇంకో పక్కకి వంగాడు. తర్వాత తెలుగులో, నా కళ్ల ముందే, “నాన్నమ్మా, నువ్వు కరెక్ట్. పాట పోయింది” అన్నాడు.

జరిగింది ఇదీ. స్పీకర్‌కి ప్లస్, మైనస్ ఉంటాయి. వెనక రెండు తలుపుల్లో ఒకదానికి అవి తారుమారయ్యాయి. ఒక స్పీకర్ కోను, అంటే కదిలే గరాటులాంటి భాగం, గాలిని ముందుకి తోస్తుంటే రెండోది అదే క్షణంలో వెనక్కి లాగుతోంది. రెండింటికీ సమాన దూరంలో కూర్చున్నవాళ్ల దగ్గర ఆ రెండూ కొట్టేసుకుంటాయి, ముఖ్యంగా గొంతుకి నిండుదనం ఇచ్చే కింది భాగం. కిటికీ పక్క కూర్చుంటే దగ్గరి స్పీకరే ఎక్కువ వినపడుతుంది కాబట్టి పెద్దగా తెలియదు. పైగా ఆ కాలం పాటలు మోనో, ఎడమా కుడీ రెండింట్లోనూ ఒకటే శబ్దం. మావాడు వినే పాటల్లో ఒక్కో వాయిద్యం ఒక్కో పక్కకి పంచి ఉంటుంది, అందులో ఈ తప్పు కొంత దాక్కుంటుంది. ఇలాంటి తప్పుని పట్టుకోవాలంటే వెనక సీటు మధ్యలో మోనో పాట వేసుకుని కూర్చోవాలి. అమ్మ చేసింది సరిగ్గా అదే. నేను గుడ్డిగా వాల్యూమ్ పెంచినా ఆ కొట్టుకోవడం పోలేదు, వెనక్కి జరిపేసరికి అదే ఇంకా ఎక్కువ వినపడింది.

మర్నాడు పొద్దున వెనక తలుపుల లోపలి అట్టలు రెండూ ఊడదీశాం. టీవీ రిమోట్‌లోంచి తీసిన 1.5 వోల్టుల బ్యాటరీ చాలు ఈ పరీక్షకి. ఆంప్లిఫయర్ దగ్గర వైర్లు విప్పేసి, ప్లస్ వైరుకి బ్యాటరీ ప్లస్సు, మైనస్ వైరుకి మైనస్సు, ఒక్క క్షణం తగిలించి తీసేయాలి. టప్ మంటుంది. కోను బయటికి ఉబికితే సరిగ్గా ఉన్నట్టు, లోపలికి పోతే తిరగబడినట్టు. కదలిక చాలా చిన్నది, కంటికి సరిగ్గా ఆనదు. మావాడు నాన్నమ్మ చెయ్యి తీసుకుని, చూపుడువేలు కోను మీద తేలిగ్గా ఆనించాడు. “నేను టచ్ చేస్తా. బయటికా, లోపలికా, నువ్వు చెప్పు.”

ఎడమ తలుపు. “బయటికి.”

కుడి తలుపు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “మళ్లీ పెట్టు.” టప్. “లోపలికి పోయిందిరా. ఊపిరి పీల్చినట్టు.”

కుడి వెనక స్పీకర్‌కి వెళ్లే వైర్లు ఊదా రంగువి, నల్ల చార ఉన్నది మైనస్. చార ఉన్న వైరు వెళ్లి ప్లస్‌కి అతుక్కుని ఉంది. తొందరపాటుకి మావాణ్ని కోప్పడబోయాను. వాడు ఏమీ అనకుండా కనెక్టర్ మీద నల్ల టేపు చూపించాడు. వాడు టేపు వాడలేదు, వేడికి ముడుచుకుని బిగుసుకునే ష్రింక్ ట్యూబ్ వేసి హెయిర్ డ్రయర్‌తో వేడి చేశాడు. టేపు నా పని. ఎప్పుడు వేశానో కూడా గుర్తొచ్చింది. నాన్నమ్మ అడిగినదానికి ఇంగ్లిష్‌లో జవాబిచ్చాడని వెనక్కి తిరిగి వాడికి క్లాసు పీకుతూ, వైరు వైపు చూడకుండానే ఒత్తేశాను.

సర్దాక వెనక జతకి రాజీ కుదిరింది. 7 కాదు, 14 కాదు, 10 వోల్టులు, అంటే సరిగ్గా సగం పవర్. ముందు స్పీకర్లకి 80 హెర్ట్జ్ కింది బరువైన శబ్దం, వెనకవాటికి 100 కిందిది వెళ్లకుండా ఫిల్టర్ పెట్టాడు, చెవి పక్కన ధడధడ లేకుండా. ఒంటరిగా వెళ్తే స్టీరియోలోనే సౌండ్‌ని రెండు గీతలు ముందుకి జరుపుకుంటాడు, నాన్నమ్మ ఎక్కితే మధ్యకి తెస్తాడు. ఆంప్లిఫయర్ జోలికి మళ్లీ పోలేదు.

దాంతో వాడు గలగలా తెలుగు మాట్లాడేస్తున్నాడని రాస్తే అబద్ధం. “యా” ఇంకా ఉంది. కాకపోతే ఇద్దరికీ ఒక వ్యాపకం దొరికింది. సాయంత్రాలు వాడు నాన్నమ్మని ఎక్కించుకుని లైబ్రరీ దాకా వెళ్లొచ్చేవాడు. దారిలో ఆవిడ ఏది మద్దెలో, ఏది తబలానో చెప్పేది, వాడు తన పాటలు వినిపించి ఎలా ఉందో అడిగేవాడు. “ఇందులో ఎవరూ పాడరేంట్రా, తిట్టుకుంటున్నారు” అనేదిట.

అమ్మ నవంబర్లో వెళ్లిపోయింది. పోయిన ఆదివారం మావాడి స్నేహితుడు, వరంగల్ వాళ్ల అబ్బాయి, వాళ్ల మినీవ్యాన్‌కి ఆంప్లిఫయర్ పెట్టించుకుందామని మా గరాజ్‌కి వచ్చాడు. ముందు ఎన్ని వాట్లు, వెనక ఎన్ని వాట్లు అని అడుగుతున్నాడు. మావాడు మల్టీమీటర్ వెతుకుతూ, “ఫస్ట్ ఇది చెప్పు, మీ అమ్మమ్మ ఏ సీట్లో కూర్చుంటుంది?” అన్నాడు.