మూడు రోజుల్లో పడాల్సిన ఇంజెక్షన్

నాకు మొదటి కడుపు నిలవలేదు. పద్నాలుగో వారంలో పోయింది. డీ అండ్ సీ (గర్భసంచి శుభ్రం) చేసి సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. నా బ్లడ్ గ్రూప్ ఏమిటని ఆ రోజు ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు.

రెండోసారి నెల తప్పాక చేసిన రక్తపరీక్షల్లో ఓ నెగటివ్ అని వచ్చింది. మావారిది ఓ పాజిటివ్. రిపోర్టు చూస్తూ డాక్టరుగారు, "ఇంతకుముందు అబార్షన్ ఏమైనా అయిందా అమ్మా?" అన్నారు. అయిందన్నాను. "అప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ వేశారా?" ఆ పేరు వినడం నాకు అదే మొదలు.

వెంటనే ఇండైరెక్ట్ కూంబ్స్ టెస్టు రాశారు. బిడ్డ రక్తకణాలపై దాడిచేసే యాంటీబాడీలు నా రక్తంలో ఉన్నాయేమో చూసే పరీక్ష అది. పాజిటివ్ వచ్చింది. పోయిన బిడ్డ రక్తం కాస్త నాలో కలిసినప్పుడు, నా రక్తంలో లేని డి అనే పదార్థాన్ని నా ఒళ్లు పరాయిదిగా గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేసుకుంది. అవి మాయ దాటి ఈ బిడ్డ ఎర్రకణాలను విరగ్గొడతాయి. 72 గంటల్లోపు ఆ ఇంజెక్షన్ పడి ఉంటే చాలావరకు ఇంతదాకా వచ్చేది కాదు. ఇప్పుడు వేయించుకుంటానన్నాను. ఒకసారి యాంటీబాడీలు పుట్టాక అది పనిచేయదట. ఆ రాత్రి ఎంత ఏడ్చానో!

24వ వారానికి టైటర్, అంటే నా రక్తంలో ఆ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత, 32కి చేరింది. అప్పటినుంచి వారం వారం డాప్లర్ స్కానింగ్. బిడ్డ మెదడుకు వెళ్లే రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. రక్తం తగ్గి పలచబడితే దాని పరుగు పెరుగుతుంది. ఆ వయసుకు ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు దాటితే కడుపులో ఉండగానే బిడ్డకు రక్తం ఎక్కించాల్సి రావచ్చన్నారు. స్కానింగ్ గదిలో నేను తెరవైపు చూసేదాన్ని కాదు, డాక్టరుగారి ముఖమే చూసేదాన్ని. అంత టెన్షన్. గీత దాటలేదు.

37 వారాలు నిండగానే నొప్పులు తెప్పించారు. బాబు. పుట్టిన రోజే కామెర్లు మొదలయ్యాయి. నర్సు వాడి నుదుటిమీద వేలు నొక్కి తీసి చూపించింది. వేలు తీసినచోట చర్మం నిమ్మపండు రంగు. కళ్లకు గంతలు కట్టి ఐదు రోజులు నీలి లైట్ల కింద పెట్టారు. పాలివ్వడానికి మాత్రం నా చేతికిచ్చేవారు. రక్తం మార్చాల్సిన అవసరం రాలేదు.

ఇంటికొచ్చాక గండం గడిచిందనుకున్నాను. కానీ నా యాంటీబాడీలు వాడి ఒంట్లో వారాల తరబడి ఉంటాయి. నాలుగో వారంలో పాలు తాగుతూ తాగుతూ మధ్యలోనే నిద్రలోకి జారిపోయేవాడు, పెదాలు పాలిపోయాయి. హిమోగ్లోబిన్ 6.8. ఆ రోజే రక్తం ఎక్కించారు. మర్నాటికి పాలకోసం గొంతు చించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు విని నవ్వాను.

మూడో నెలకు 10.5. ఇక పరీక్షలు అక్కర్లేదన్నారు.

చెల్లి తనకు నెల తప్పిందని చెప్పిన రోజే బ్లడ్ గ్రూప్ చూపించుకోమన్నాను. తనదీ నెగటివే. కూంబ్స్ టెస్టులో ఏమీ లేదు. నిన్ననే 28వ వారం ఇంజెక్షన్ వేయించుకుంది. కాన్పయ్యాక బిడ్డది పాజిటివ్ అయితే మూడు రోజుల్లోపు ఇంకొకటి పడాలి. ఆ సంగతి దాని ఫైలు అట్టమీద ఎర్ర ఇంకుతో నేనే రాసి పెట్టాను.