ఇరవై నాలుగు ఫందాలు

డిసెంబర్ నెలలో మా మనవడు మూడు జతల గ్లోవ్స్ పోగొట్టాడు. జతలు అనకూడదు లెండి, పోయింది ప్రతిసారీ ఒక్కటే. మిగిలిన మూడూ వీధి తలుపు పక్కనున్న బుట్టలో పడి ఉన్నాయి. మూడూ ఎడమచేతివే.

మా అబ్బాయి వాళ్లుండేది అమెరికాలో మినియాపొలిస్ పక్కన. మనవడికి ఆరేళ్లు. వాడి బడిలో సున్నా ఫారన్‌హీట్ దాకా, అంటే మన లెక్కలో మైనస్ 18, పిల్లల్ని బయటే ఆడిస్తారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే "నేను అల్లుతాను" అన్నాను.

"గ్లోవ్స్ వద్దు అత్తయ్య గారూ, మిట్టెన్స్ అల్లండి. ఐదు వేళ్లకి ఐదు గొట్టాలంటే వాడు తొడుక్కునేసరికి బస్సు వెళ్లిపోతుంది" అంది కోడలు. మిట్టెన్స్ అంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉంటాయి, బొటనవేలికి మాత్రం విడిగా గది. ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది కాబట్టి గ్లోవ్స్ కంటే ఇవే వెచ్చన. గ్లోవ్స్‌వి వేరు కాపురాలు, ఇది ఉమ్మడి కాపురం. బొటనవేలు ఇల్లరికపు అల్లుడు.

అల్లిక నాకు కొత్త కాదు. మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఇంటింటా లేసు. మా అమ్మ అరుగు మీద కూర్చుని మాటల్లో ఉండగానే చేతిలో పువ్వు పూర్తయ్యేది. దారం కట్టకి ఇంత అని కూలి. అల్లిన ముక్కల్ని కలిపి కుట్టే అతుకుపని నాకు పదేళ్లకే వచ్చేసింది. (ఆ లేసుకి 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. మా అమ్మ ఉంటే "కూలి పెంచారా?" అని అడిగేది.) కానీ అది ఒక్క సూదితో, సన్నటి నూలు దారంతో చేసే పని. రెండు సలాయిలతో, అంటే పొడవాటి సూదులతో, ఊలు అల్లడం నేర్చింది పెళ్లయ్యాకే. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో అంబాలాలో ఉన్నప్పుడు, చలికాలం మధ్యాహ్నాలు క్వార్టర్స్ ముందు ఎండలో మంచాలు వేసుకుని పక్కింటి పంజాబీ ఆవిడ నేర్పింది. అందుకే ఈరోజుకీ నాకు కుట్టు అంటే ఫందా, సూటిగా వేసేది సీదా, తిరగేసి వేసేది ఉల్టా. తెలుగులో వాటినేమంటారో నన్ను అడక్కండి.

ఇక్కడి దుకాణంలో ఊలు ఉండల మీద లావుని బట్టి నంబర్ వేస్తారు. నేను తెచ్చుకున్నది 5, అసలు సిసలు గొర్రె ఊలు, నా చిటికెన వేలిలో సగం లావు. కోడలు ఫోన్‌లో చదివి "10 నంబర్ సూదులు కావాలట" అంది. నా దగ్గర లేకపోవడమేమిటి, అంబాలా నాటి పెట్టెలో ఉన్నాయిగా! గర్వంగా తీసి మొదలుపెట్టాను.

రెండు సాయంత్రాలు అల్లాను. సలాయి ఫందాలోకి దూరితే ఒట్టు. చూపుడు వేలు కమిలిపోయింది. తయారైంది మణికట్టు పట్టీ కాదు, చెప్పు అట్ట. బల్ల మీద నిలబెడితే నిలబడింది. లోపం ఊలులో ఉందని ఒకరోజంతా దాన్ని తిట్టాను.

తీరా చూస్తే సంగతి వేరు. మన పాత నంబర్లలో అంకె పెరిగేకొద్దీ సలాయి సన్నబడుతుంది. అమెరికా వాళ్లది తలకిందులు, అంకె పెరిగితే లావు. నా 10 అంటే మూడుంపావు మిల్లీమీటర్లు, వాళ్ల 10 అంటే ఆరు. మొత్తం ఊడదీసి మళ్లీ ఉండ చుట్టాను. మా అబ్బాయి నవ్వలేదు కానీ, నవ్వకుండా ఉండటానికి వంటింట్లోకి వెళ్లాడు.

ఆరు మిల్లీమీటర్ల సలాయిలు చేతికొచ్చాక ఇంకో బాధ. సన్న దారంలో ఒక కుట్టు అటూ ఇటూ అయినా ఎవరికీ కనిపించదు. లావు ఊలులో అంగుళానికి మూడున్నర ఫందాలే. చెయ్యి చుట్టూ మొత్తం ఇరవై నాలుగు! ఒక్కటి తప్పితే పావు అంగుళం పైన తేడా, వీధి అవతల నుంచి కూడా కనిపిస్తుంది. జీవితమంతా సన్నపని చేసిన చేతులకి ఇది చిన్నపిల్లల బలపంతో రాసినట్టుంది. దారం బిగించి లాగే అలవాటొకటి. ఇందులో బిగిస్తే వెచ్చదనం పోతుంది, ఎందుకంటే వెచ్చగా ఉంచేది పోగుల మధ్య చిక్కుకున్న గాలే. మరీ వదులైతే ఈదురుగాలి దూరిపోతుంది. వదలాలి, మరీ వదలకూడదు. అది పట్టుబడటానికి వారం పట్టింది.

నాలుగు సలాయిల మీద గుండ్రంగా, రెండు సీదా రెండు ఉల్టా చొప్పున రెండంగుళాల పట్టీ. అది సాగుతుంది కాబట్టి మణికట్టుని పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత బొటనవేలి కోసం ఒక పక్కన చుట్టు విడిచి చుట్టు రెండేసి ఫందాలు పెంచుతూ పోతే చిన్న ముక్కోణం వస్తుంది. వాటిని వేరే దారానికి ఎక్కించి పక్కన పెట్టి, మిగతాది వేళ్ల కొసల దాకా అల్లి, పైన నాలుగు చోట్ల తగ్గించుకుంటూ వచ్చి, చివరి ఎనిమిదింటిలోంచి దారం దూర్చి మూతి బిగించాను. తర్వాత బొటనవేలు. మొదలు దగ్గర ఎప్పుడూ చిన్న కన్నం మిగిలిపోతుంది, సరిగ్గా చలి దూరే చోట. అక్కడ రెండు ఫందాలు అదనంగా ఎత్తి, పై వరసలో కలిపేశాను. ఇది ఎవరూ నేర్పలేదు. అతుకుపని చేసిన చెయ్యి సందు కనిపిస్తే ఊరుకోదు.

బొటనవేలు సరిగ్గా పక్కన పెట్టడం వల్ల ఇంకో లాభం, కుడి ఎడమ అని లేదు. ఏది ఏ చేతికైనా పడుతుంది. మా ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అయినా మంచులో ఆడితే ఊలు తడుస్తుంది. ఈ మాట మొదటే అన్నాడు మా అబ్బాయి, నేనే వినిపించుకోలేదు. పక్కింటి పెద్దాయన తనవి చూపించాడు: పైన జింక తోలు, లోపల ఊలు. వీటిని ఇక్కడ చాపర్స్ అంటారు, అడవిలో చెట్లు కొట్టేవాళ్లు వాడినవట. సరే, నేనూ దిగొచ్చాను. మంచులో దొర్లే రోజున పైన కొన్న నైలాన్‌వి, లోపల నావి.

ఇక పోగొట్టుకునే సంగతి. ఉండలో మిగిలిన ఊలుతో, లేసు సూదుల్లోకెల్లా లావుపాటిది తీసి చైను అల్లాను. లేసులో అందరూ మొదట నేర్చుకునేది అదే. వాడిని చేతులు చాపి నిలబెట్టి కొలిస్తే ముప్ఫై ఎనిమిది అంగుళాలు వచ్చింది. రెండు కొసలూ రెండు మిట్టెన్స్‌కి అతికి, కోటు ఒక చేతిలోంచి దూర్చి, వీపు మీదుగా రెండో చేతిలోంచి బయటికి తీశాను.

"మామ్మా, నన్ను కట్టేశావా?" అన్నాడు.

"నిన్ను కాదురా, వాటిని" అన్నాను.

ఆ సాయంత్రం బస్సు దిగి మంచు తొక్కుకుంటూ వచ్చాడు. కోటు చేతుల్లోంచి రెండు మిట్టెన్సూ బుద్ధిగా వేలాడుతున్నాయి. నెత్తి మీద టోపీ లేదు.