చెక్క వీధి, కంకర కుప్ప

మంగళవారం. మధ్యాహ్నం మీటింగ్ రద్దయింది. గంటసేపు ఖాళీ దొరికింది కదా అని గొడుగు తీసుకుని ఆఫీసు నుంచి బన్‌హిల్ రో వైపు నడిచాను. అక్కడ చెకర్ స్ట్రీట్ అని చిన్న వీధి ఒకటి ఉంది. ఒకప్పుడు లండన్ పెద్ద వీధుల్లో పరిచిన చెక్క దిమ్మెల రోడ్డు ఇంకా కంటికి కనబడే బహు కొద్ది చోట్లలో అదొకటి. ఎన్నాళ్లనుంచో చూడాలనుకుంటున్నాను.

మిగిలిన ముక్క చిన్నదే. వంగి చూస్తే ఇటుకంతేసి దిమ్మెలు, వరసల్లో. మొద్దుని అడ్డంగా కోసిన ముఖం పైకి వచ్చేలా నిలబెట్టి పేర్చారు. పడుకోబెడితే గుర్రపు నాడాలకి పేళ్లు లేచిపోతాయి, నిలబెడితే దెబ్బ తినేకొద్దీ పీచు బిగుసుకుంటుంది. వానకి తడిసి నల్లగా ఉన్నాయి. కొన్నిటి అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. మడమతో తట్టి చూశాను. రాతి మీద తట్టినట్టు టంగుమనలేదు, మెత్తగా దబ్‌మంది.

ఆ మెత్తదనం కోసమే ఇంత తంటాలు పడ్డారు. ఇనప పట్టా వేసిన చక్రాలు, ఇనప నాడాలు, కింద గ్రానైట్ రాయి. అలాంటి వీధిలో పగలంతా బండ్లు నడుస్తుంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. కలిగినవాళ్ల ఇళ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే మోత తగ్గడానికి ఇంటిముందు రోడ్డు మీద గడ్డి పరిపించేవాళ్లు. 1839లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో చెక్క వేసి చూశారు. మొదట్లో వేసినవి తొందరగా కుళ్లిపోయాయి. తర్వాత కింద కాంక్రీటు పోసి, దిమ్మెలని కుళ్లకుండా కాపాడే క్రియోసోట్ నూనెలో నానబెట్టి వేయడం నేర్చుకున్నారు. శతాబ్దం చివరికి పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల నుంచి జారా, కారీ అనే గట్టి చెట్ల కలప ఓడల్లో వచ్చేది. అంత మహావృక్షాలు సముద్రాలు దాటి వచ్చి లండన్‌లో గుర్రాల కాళ్ల కింద అరిగిపోయాయంటే నాకు నిజంగా బాధేసింది. పైగా గుర్రాల మూత్రం చెక్కలోకి ఇంకి, ఎండాకాలంలో వీధులు కంపు కొట్టేవట.

ఏది పరిచినా ముందు చూడాల్సింది గుర్రాన్నే. గ్రానైట్ రాళ్లని మూడంగుళాల వెడల్పుకి సన్నగా చెక్కడం మొదలుపెట్టింది కూడా డెక్క జారకుండా సందులో పట్టు దొరకాలనే. 1869లో లండన్ థ్రెడ్‌నీడిల్ స్ట్రీట్‌లో ఆస్ఫాల్ట్, అంటే తారులాంటి పదార్థం ఉన్న రాతిపొడి వేశారు. స్విట్జర్లాండ్‌లోని వాల్ ద త్రావేర్ నుంచి వచ్చే రాయిని కాల్చి పొడి చేసి, వేడిగా ఉండగానే పరిచి, కాల్చిన ఇనప దిమ్మిసలతో కొట్టేవాళ్లు. చప్పుడు లేదు, ఊడవడం తేలిక. కానీ కాస్త తడి తగిలితే చాలు గుర్రాలు జారి పడేవి, ఇసక చల్లాల్సి వచ్చేది. విలియం హేవుడ్ అనే నగర ఇంజనీరు 1873లో ఏ రకం రోడ్డు మీద ఎన్ని గుర్రాలు పడుతున్నాయో లెక్క కట్టించాడు. ఆ లెక్కలో చెక్క మీద పడినవి అన్నిటికన్నా తక్కువ, గ్రానైట్ మీద ఎక్కువ. కాలు విరిగిన గుర్రానికి వైద్యం ఉండేది కాదు, చంపేసేవాళ్లు.

ఆఫీసుకి తిరిగి వచ్చాక కూడా మనసు పనిలో పడలేదు. గుర్రాల లెక్క ఎవరో ఒకరు రాశారు, మరి రాయి కొట్టినవాళ్ల లెక్క?

కంకరతో రోడ్డు వేసే మెకాడం పద్ధతి అందరూ చదువుకున్నదే. స్కాట్లాండ్‌లో పుట్టిన ఈ జాన్ లౌడన్ మెకాడం 1816లో బ్రిస్టల్ రోడ్ల సర్వేయర్ అయ్యాడు. పెద్ద బండలు వద్దు, చిన్న కంకర మాత్రమే వేయండి, బండి చక్రాలే దాన్ని బిగిస్తాయి అన్నాడు. ఏ రాయీ ఆరు ఔన్సులు దాటకూడదు, అంటే సుమారు 170 గ్రాములు. మరి అన్ని రాళ్లని అంత చిన్నగా కొట్టేదెవరు? దానికీ జవాబు ఆయనే చెప్పాడు. చిన్న సుత్తి ఇచ్చి కూర్చోబెడితే బరువు పనులు చేయలేని ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కూడా కొట్టగలరని. ఆ తర్వాత ఇంగ్లండ్ వర్క్‌హౌస్‌లలో, అంటే దిక్కులేని బీదల్ని ఉంచి పని చేయించే శరణాలయాల్లో, రాయి కొట్టడం బీదవాళ్లకి విధించే పని అయింది. ఒక రాత్రి తలదాచుకోవడానికి వచ్చిన దిక్కులేనివాడిని మర్నాడు చిన్న గదిలో పెట్టి రాళ్లు ఇచ్చేవాళ్లు. గోడకి ఇనప జల్లెడ ఉండేది. కొట్టిన ముక్కలు ఆ కంతల్లోంచి అవతలికి పోవాలి, పోకపోతే మళ్లీ కొట్టాలి. అది చదివిన దగ్గర్నుంచీ ఆ కంతలే కళ్లముందు ఆడుతున్నాయి.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మెకాడం పేరెత్తగానే నిద్రమత్తు వదిలిపోయింది ఆయనకి. "ఆ పేరు మేం రోజూ అనేవాళ్లం కదమ్మా, డబ్ల్యూబీఎం అంటే అదేగా. వాటర్ బౌండ్ మెకాడం" అన్నారు. కంకర పరిచి, రోలర్ తిప్పి, గ్రావెల్ చల్లి, నీళ్లు కొట్టి మళ్లీ రోలర్ తిప్పడం దాకా వరసగా చెప్పుకుపోయారు. మెకాడం రోజుల్లో రోలరూ లేదు, నీళ్లు కొట్టడమూ లేదు నాన్నా అంటే కాసేపు నమ్మలేదు.

క్రషర్లు రాకముందు మా వైపు కంకర కొట్టింది ఎక్కువగా వడ్డెరవాళ్లే. చిన్నప్పుడు నేనూ చూశాను. రోడ్డు పక్క చెట్టు నీడలో ఆడవాళ్లు కూర్చుని, ఎడమచేతి వేళ్లకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కుని, ఆ చేత్తో రాయి పట్టుకుని కుడిచేత్తో సుత్తి వేసేవాళ్లు. పక్కనే చీర ఉయ్యాల్లో పిల్ల. చిప్పలు ఎగిరి కళ్లలో పడేవి. "పెట్టెతో కొలిచి డబ్బులిచ్చేవాళ్లం. పెట్టె నిండిందా లేదా అనేదొక్కటే చూసేవాళ్లం" అన్నారు నాన్న. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

వర్క్‌హౌస్ జల్లెడ సంగతి చెప్పాను. గిల్‌ఫర్డ్‌లో 'స్పైక్' అని 1906లో కట్టిన, దిక్కులేనివాళ్లకి రాత్రి తలదాచుకోను చోటిచ్చే అలాంటి వార్డు ఒకటి మ్యూజియంగా ఉంది, రాళ్లు కొట్టిన గది కూడా చూపిస్తారు, లండన్ వాటర్లూ స్టేషన్లో రైలెక్కితే గంటలోపే వెళ్లొచ్చు, తెరిచి ఉండే రోజు చూసుకుని వెళ్తానన్నాను.

"వెళ్తే టేపు పట్టుకెళ్లు తల్లీ. కంత ఎన్ని అంగుళాలుందో కొలిచి ఫొటో పంపు. మా నలభై ఎమ్మెమ్ మెటల్ కంకర అందులోంచి పోతుందో లేదో నేను చెప్తాను" అన్నారు.