చదవనని మొండికేసే పిల్లలకు నవ్వించే జంతువుల కథలు

మా చెల్లెలి కొడుకు మూడో తరగతి చదువుతున్నాడు. ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతున్నందువల్ల తెలుగు అక్షరాలూ గుణింతాలూ వచ్చినా, కష్టమైన వత్తు ఎదురుకాగానే ఆగిపోతాడు, ఆగిన చోటే పుస్తకం మూసేస్తాడు. నిరుడు వేసవి సెలవుల్లో వాడు నెల రోజులు మా ఇంట్లో ఉన్నాడు. వాడికి జంతువులంటే ప్రాణం కాబట్టి, నవ్వించే జంతువుల కథలతోనే వాడి చేత తెలుగు చదివించాలని పూనుకున్నాను.

మొదట నేను కొన్నది రంగుల బొమ్మలున్న లావుపాటి పంచతంత్రం. రెండో వాక్యంలోనే 'మర్కటము' వచ్చింది. బొమ్మలో కోతిని చూసి నవ్విన పిల్లవాడు, పక్కనే ఉన్న మాటను కూడబలుక్కోలేక ముఖం ముడుచుకున్నాడు. పంచతంత్ర కథలనే గ్రాంథిక తెలుగు వచనంలో చెబుతూ చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక మీద నాకు అపారమైన గౌరవం ఉంది, కాని అది చక్కని గద్యం నేర్వదలచిన వారికోసం రాసిన గ్రంథం. ఆ భాష నీడను ఎనిమిదేళ్ల పిల్లల బొమ్మల పుస్తకం మీద పడనివ్వడం నాకు న్యాయంగా తోచదు.

ఆ రోజు రాత్రి ఆ పుస్తకాన్ని మళ్లీ తిరగేస్తున్నప్పుడు నాకొక విషయం తట్టింది. మన అచ్చ తెలుగులో జంతువుల పేర్లు చదవడానికి ఎంతో సులువైనవి. కోతి, ఏనుగు, ఎలుక, మేక, గాడిద, ఉడుత, మొసలి, తాబేలు, కుందేలు అనే మాటల్లో వత్తే లేదు. కుక్క, పిల్లి, నక్క, బల్లి, గొర్రె వంటి వాటిలో వత్తు ఉన్నా అది అదే హల్లుకు వత్తు కాబట్టి, 'అమ్మ' చదవగలిగిన పిల్లలకు అది అడ్డం రాదు. రెండు వేర్వేరు హల్లులు కలిసే మర్కటం, శార్దూలం వంటి మాటల దగ్గరే వాళ్లు తడబడతారు. అంతేకాదు, హాస్యానికి ఊపునిచ్చే గబగబ, చరచర, కిచకిచ, బిలబిల వంటి మాటలన్నీ రెండేసి అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చేవే. వాటిని చదవగానే శబ్దం వినిపిస్తుంది, శబ్దం వినిపించగానే నవ్వు వస్తుంది, ఆ నవ్వు తాను సొంతంగా చదవడం వల్ల వచ్చిందని పిల్లవాడికి తెలుస్తుంది. బొమ్మను చూసి నవ్విన నవ్వుకూ, వాక్యాన్ని చదివి నవ్విన నవ్వుకూ ఉన్న తేడా ఇదే. మనకు కావలసింది రెండోది.

అప్పటి నుంచి నేను పుస్తకాల షాపులో అట్టను చూసి కొనడం మానేశాను. మధ్యలో ఏదో ఒక పేజీ తీసి నాలుగు వాక్యాలు గొంతెత్తి చదువుకుంటాను. ఊపిరి ఆపుకోవలసినంత పొడవైన వాక్యాలున్నా, నవ్వు రావలసిన చోట వివరణ వచ్చినా ఆ పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టేస్తాను. అనువాదాల విషయంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే మూలంలో మాటల గారడీ మీద నిలిచిన హాస్యం తెలుగులోకి వచ్చేసరికి చాలాసార్లు మిగలదు. జంతువు చేసే పనిలోనే హాస్యం ఉంటే అది ఏ భాషలోకైనా నడిచి వస్తుంది.

పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని చదివే స్థాయిని బట్టి విభజించి ఉంచారు కాబట్టి మొదటి స్థాయి నుంచి మొదలుపెట్టవచ్చు. తరగతికి తగిన స్థాయి అంటూ పట్టుబట్టకుండా, పిల్లవాడు తడబడకుండా చదవగలిగిన దానికంటే ఒక మెట్టు కిందనే ఉంచమని నా సలహా.

కథలో ఏం జరుగుతుందన్నది కూడా చూడాలి. దూలంలో దిగగొట్టిన మేకును ఊడబీకి ప్రాణం పోగొట్టుకున్న కోతి కథ పంచతంత్రంలో ఉంది. అది చదివినప్పుడు మావాడు మౌనంగా ఉండిపోయాడు. అల్లరి చేస్తే ఇంతే సుమా అని ఎవరో తననే మందలించినట్లు వాడికి అనిపించి ఉంటుంది. నది నడుమ మొసలి వీపు మీద కూర్చుని, 'అయ్యో, గుండెను చెట్టు మీదే మరిచి వచ్చాను' అన్న కోతి కథను మాత్రం నాలుగుసార్లు చదివాడు. చిన్న జంతువు తెలివితో గట్టెక్కే సాహసం, మాట మాటకూ బతుకుతుందా లేదా అన్న ఆత్రం, ఆ అబద్ధంలోని వింత ఒక్కచోటే కలిసిన కథ అది. చదవడానికి మొండికేసే పిల్లలకు పుస్తకం వెతికేటప్పుడు నేను మొదట చూసేది ఈ మూడూ ఉన్నాయా అనే.

కథ ముగిశాక నీతి అడగడం ఆపేశాను. అడిగిన రోజు వాడు రెండో కథ తెరవలేదు. అడగని రోజు, 'పెద్దమ్మా, మొసలి ఇంటికెళ్లి వాళ్లావిడకి ఏం చెప్పుంటుంది?' అని వాడే అడిగాడు.

సంక్రాంతికి వాడు మళ్లీ వస్తున్నాడు. ఒక ఉడుత ప్రయాణం, ఒక గాడిద పెళ్లి చూపులు ఉన్న రెండు పలుచని పుస్తకాలు తీసి పెట్టాను. రెండో దానిలో పేజీకి ఒకటి రెండు కష్టమైన వత్తులున్నాయి. గాడిద చేసే హడావిడికి నవ్వుకుంటూ వాడు వాటిని దాటేస్తాడని నా నమ్మకం.