పాత పుస్తకాల స్కానింగ్: కొత్త ల్యాప్‌టాప్ ఎప్పుడు కొనాలి, ఏది కొనాలి

అక్టోబరు 2025

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే పాత తెలుగు పుస్తకాల్లో కాపీరైట్ తీరినవాటిని ఏరి తెచ్చి, స్కాన్ చేసి, అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్ది నలుగురికీ అందుబాటులో పెట్టడం నా వ్యాపకం. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్కేసి 60 ఏళ్లు నిండితే ఆ పుస్తకం అందరిదీ అవుతుంది. ఈ పని మొత్తం 2017లో కొన్న ఒకే ల్యాప్‌టాప్ మీద నడుస్తోంది. ఐ5-7200యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ తీసేసి వేయించిన ఎస్‌ఎస్‌డీ.

ఈ నెల 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచే అధికారికంగా నడుస్తుంది, నాది 7వ తరం. ఇంట్లో, ఆఫీసులో అందరూ ఒకటే మాట: ఇక కొత్తది కొనాల్సిందే. నాకు మాత్రం అదొక్కటే కొనడానికి కారణంగా అనిపించలేదు. 2026 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే దారి ఉంది. నా పనికి కావలసిన స్కాన్‌టైలర్ (పేజీల ఫొటోలను సరిచేసే ప్రోగ్రామ్), టెసరాక్ట్ (బొమ్మలోని అచ్చును టెక్స్ట్‌గా మార్చే, అంటే ఓసీఆర్ చేసే ప్రోగ్రామ్) రెండూ విండోస్ బదులు వాడుకోగల లినక్స్‌లో హాయిగా నడుస్తాయి. అందుకని లినక్స్ మింట్ 22 వేశాను, దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగ్స్‌లోనే ఉంది, విడిగా ఏమీ వెతుక్కోనక్కర్లేదు.

కొత్తది ఎప్పుడు కొనాలో క్యాలెండర్ కాదు, పని చెప్పాలి. పని ఎక్కడ ఆగుతోందో చూసి, అక్కడికి ఏది కావాలో తేల్చుకున్నాకే షాపుకి వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

నవంబరు

ముందు పని కొలతలు రాసుకున్నాను. నేను కెమెరాతో తీస్తాను, ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడను. పాత పుస్తకాల కుట్టు ఊడిపోతుంది, వాటిని అద్దం మీద బోర్లా పెట్టి నొక్కకూడదు. 24 మెగాపిక్సెల్ ఫొటో పొడవు 6000 పిక్సెళ్లు. డెమ్మీ సైజు పుస్తకం విప్పితే 11 అంగుళాల వెడల్పు, అంటే అంగుళానికి సుమారు 545 చుక్కలు. తెలుగుకి ఇది చాలు. 300 దగ్గర ఆపితే ఒత్తులు ముద్దకట్టేస్తాయి. క్ష కింద ణ వత్తు, ర్త్య లాంటి చోట్ల సన్నగీత పోయిందంటే ఓసీఆర్ ఏం చేసినా దాన్ని వెనక్కి తేలేదు.

తర్వాత స్కాన్‌టైలర్. పేజీలు విడదీయడం, వంకర సరిచేయడం, అచ్చు ఉన్న భాగాన్ని పట్టుకోవడం, మార్జిన్లు, చివరికి అవుట్‌పుట్. 600 డీపీఐలో ఒక డెమ్మీ పేజీ 3300 × 5100 పిక్సెళ్లు, రంగుల్లో అయితే కుదించకుండా 50 ఎంబీ. మొదటి దశలన్నీ పాత ల్యాప్‌టాప్ చకచకా చేస్తుంది. అవుట్‌పుట్ దశలో ఒకేసారి నాలుగు పేజీలు మెమరీలోకి వస్తాయి, ఒక్కోదానికి మధ్యలో రెండు మూడు నకళ్లు తయారవుతాయి. పక్కన సిస్టమ్ మానిటర్ తెరిచి చూశాను. ర్యామ్ గీత పైకప్పు తాకింది, స్వాప్ (ర్యామ్ చాలక డిస్కును వాడుకోవడం) గీత లేవడం మొదలైంది, మౌస్ బాణం ఆగి ఆగి కదిలింది. బ్రౌజర్ మూసేస్తే గీత దిగింది. ఇక్కడ అడ్డం ర్యామ్, ప్రాసెసర్ కాదు.

టెసరాక్ట్ దగ్గర అడ్డం ప్రాసెసరే. రెండు కోర్లు పూర్తిగా నిండిపోతాయి. మామూలుగా టెసరాక్ట్ ఒక్క పేజీకే నాలుగు థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పని పాయలు) వాడబోతుంది, దానివల్ల పెద్దగా లాభం లేదు. దాన్ని పేజీకి ఒక్క థ్రెడ్‌కి పరిమితం చేసి, థ్రెడ్‌లు ఎన్ని ఉంటే అన్ని పేజీలు ఒకేసారి ఇస్తే పుస్తకం మొత్తం త్వరగా అవుతుంది. ఇలాంటి పని చేసేవాళ్లు కొత్త మెషీన్ గురించి ఆలోచించే ముందు ఈ ఒక్క మార్పు చేసి చూడండి. ఎలాగూ ఓసీఆర్‌ని రాత్రి పెట్టి పడుకోవచ్చు. నేను నిద్రపోయేటప్పుడు అది ఎంతసేపు తీసుకున్నా నాకు నష్టం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ గంటలు మింగేది ప్రూఫ్ దిద్దడం. అప్పుడు ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. కష్టపడేది నా కళ్లు. పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ 1366 × 768. పేజీ బొమ్మ ఒక పక్క, టెక్స్ట్ ఒక పక్క పెడితే చెరో 683 పిక్సెళ్లు. ప కి వ కి మధ్య ఉండే చిన్న ఎడం కూడా కనపడదు. పైగా చవకరకం టీఎన్ ప్యానెల్, తల కాస్త కిందికి దించితే పసుపు కాగితం మీది అచ్చు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

అందుకని ల్యాప్‌టాప్ కన్నా ముందు 24 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) మానిటర్ కొన్నాను. కొనేటప్పుడు చూసింది ఒక్కటే, స్టాండు తిప్పితే నిలువుగా నిలబడాలి. 1080 × 1920గా నిలబెడితే పేజీ మొత్తం స్క్రోల్ చేయకుండా కనిపిస్తుంది, టెక్స్ట్ ల్యాప్‌టాప్ మీద ఉంటుంది. సుమారు 10 వేల ఖర్చుతో సగం సమస్య పోయింది. రేపు ల్యాప్‌టాప్ మారినా ఇది ఎక్కడికీ పోదు. బడ్జెట్ తక్కువున్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

డిసెంబరు

ఇక ర్యామ్. నా బోర్డు మీద 4 జీబీ అతికించి ఉంది, ఒక స్లాట్‌లో ఇంకో 4 జీబీ. ఆ స్లాట్‌లో 16 జీబీ వేస్తే పాతదే ఇంకో రెండేళ్లు లాగుతుందని లెక్క. ధర కనుక్కుంటే ఆ లెక్క మారిపోయింది. ప్రపంచంలో మెమరీ చిప్‌లు ప్రధానంగా చేసేవి మూడు కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన ఖరీదైన మెమరీ వైపు వాళ్లు మొగ్గడంతో మామూలు ర్యామ్ కరువై, 2025 చివరి నెలల్లో రేట్లు బాగా పెరిగాయి. ఈ నెల మొదట్లోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఎనిమిదేళ్ల బోర్డులో అంత రేటు పెట్టి ర్యామ్ వేయడం నాకు సబబుగా తోచలేదు. ఎప్పుడు అన్న ప్రశ్న అక్కడితో తేలిపోయింది. ముందుగానే ల్యాప్‌టాప్‌లలో బిగించి దుకాణాలకు చేరిన ర్యామ్ ఇంకా పాత రేటుకే వస్తోంది, ఆ స్టాకు ఉండగానే కొనాలి.

వేసవి సంగతి కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటిన గదిలో పాత ఫ్యాన్ హోరెత్తిపోతుంది, ప్రాసెసర్ వేడికి వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము దులిపించి థర్మల్ పేస్ట్ మార్పిస్తే కొంత నయం, కానీ పాత పుస్తకాల పక్కన పెట్టుకున్నంత కాలం ఆ దుమ్ము మళ్లీ చేరుతూనే ఉంటుంది.

ఏది కొనాలి అన్నదానికి నేను రాసుకున్నవి, ప్రాధాన్యం వరసలో. ముందు స్క్రీన్: ఐపీఎస్, 16:10, కనీసం 1920 × 1200, వెలుతురు 300 నిట్స్. 16:9 కన్నా ఆ ఎక్కువ ఎత్తులో పుస్తకం పేజీకి ఇంకో రెండు మూడు లైన్లు పడతాయి. ఆ తర్వాత 16 జీబీ ర్యామ్, అదీ పూర్తిగా బోర్డుకి అతికించినది కాకుండా ఒక స్లాట్ ఖాళీగా ఉన్నది. కోర్లు ఆరు లేదా ఎనిమిది. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు, పూర్తయిన పుస్తకాలు ఎలాగూ బయటి డిస్కుల్లోకి వెళ్తాయి. గ్రాఫిక్స్ కార్డు వద్దు. స్కాన్‌టైలర్‌కీ టెసరాక్ట్‌కీ దానితో పని లేదు, డబ్బు దండగ, బరువు, వేడి.

మ్యాక్‌బుక్ ఎయిర్ గురించి గట్టిగానే ఆలోచించాను. ఎం4 మోడల్ 2025 మార్చిలో ఇక్కడ 99,900 నుంచి మొదలైంది, 16 జీబీ ఇస్తున్నారు, స్క్రీన్ చక్కగా ఉంటుంది, బ్యాటరీకి తిరుగులేదు. కానీ ఫ్యాన్ లేదు, గంటల తరబడి ఓసీఆర్ నడిస్తే వేడెక్కి నెమ్మదిస్తుంది. ర్యామ్, స్టోరేజీ తర్వాత పెంచుకునే వీలు లేదు. రాయడానికి, చదవడానికి అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. నా పనికి కాదు.

కార్పొరేట్ ఆఫీసుల నుంచి తిరిగొచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ ల్యాప్‌టాప్‌లు హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి. తక్కువ బడ్జెట్ అయితే నేనైతే అటే వెళ్తాను, 8వ తరం ఇంటెల్ లేదా ఆ పైది చూసుకుని, బ్యాటరీ రిపోర్ట్ అక్కడే తీయించి. డిజైన్ కెపాసిటీలో 70 శాతం లోపు ఉంటే బ్యాటరీ ఖర్చు కూడా కలుపుకుని బేరం ఆడాలి.

జనవరి 2026

పారడైజ్ మెట్రోలో దిగి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లాను. పెన్‌డ్రైవ్‌లో నా స్కాన్ పేజీ ఒకటి వేసుకెళ్లాను, 1930ల నాటి అచ్చు, కాగితం గోధుమరంగుకి తిరిగింది. ప్రతి షాపులో అదే పేజీ తెరిచి, బ్రైట్‌నెస్ సగానికి పెట్టి, ఒత్తులు చదవగలుగుతున్నానా అని చూశాను. స్పెసిఫికేషన్ కాగితం మీద 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తక్కువ రంగులే చూపగలదని అర్థం) అని ఉన్న ప్యానెల్‌లో కాగితం రంగు బూడిదలా వచ్చింది. అంతకన్నా ఎక్కువ రంగులు చూపే 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ప్యానెల్‌లో అదే పేజీ చేతిలో ఉన్నట్టే కనిపించింది. అచ్చు చదవడానికి మొదటిదీ పనికొస్తుంది, కానీ కాగితం మీద మరక ఏది, అక్షరం ఏది అని తేల్చాల్సి వచ్చినప్పుడు రెండోది కావాలి.

ప్రాసెసర్ పేర్ల దగ్గర జాగ్రత్త. ఏఎండీ రైజెన్ 7000 ల్యాప్‌టాప్ వరసలో తరం (దాన్ని జెన్ అంటారు) చెప్పేది మూడో అంకె. 7520యూ అంటే జెన్ 2, నాలుగు కోర్లు. 7730యూ అంటే జెన్ 3, ఎనిమిది కోర్లు. 7840 వరస జెన్ 4. డబ్బా మీద మాత్రం అన్నీ కొత్తవాటిలాగే ఉంటాయి. ఇంటెల్‌లో ఐ5-1335యూకి పది కోర్లని రాస్తారు, వాటిలో పెద్దవి రెండు, చిన్నవి ఎనిమిది. ఓసీఆర్‌కి చిన్న కోర్లూ పనిచేస్తాయి గాని అన్నీ ఒకే వేగంతో కాదు.

"మేడమ్, ఇంకో పదివేలు ఏస్కుంటే ఆర్‌టీఎక్స్ కార్డుదే వస్తది, ఫ్యూచర్‌కి మంచిగుంటది" అన్నాడు ఒక కౌంటర్ దగ్గరి కుర్రాడు.

"నా పనికి కార్డు అక్కర్లేదు తమ్ముడూ. దీంట్లో ర్యామ్‌కి రెండో స్లాట్ ఉందా, అది చెప్పు."

"ఉంటది మేడమ్."

"ఉంటది కాదు, చూసి చెప్పు."

అతను విసుక్కోకుండా లోపలికి వెళ్లి సర్వీసు అన్నని పిలుచుకొచ్చాడు. ఆయన డెమో పీసు తిరగేసి, స్క్రూలు అయస్కాంతం పళ్లెంలో వేసి, పాత ఏటీఎం కార్డు ముక్కతో అంచు చుట్టూ తిప్పి మూత లేపాడు. ఒక స్లాట్‌లో 16 జీబీ, పక్కనే ఖాళీ స్లాట్, దానికింద నల్లటి ప్లాస్టిక్ తొడుగు. అదే కావాల్సింది. మూత తీస్తే వారంటీ పోదని కంపెనీ కాగితంలో ఉన్నదీ లేనిదీ అప్పుడే చదివించాను.

కొన్నది: రైజెన్ 7 7730యూ, 16 జీబీ, 512 జీబీ, 14 అంగుళాల 16:10 ఐపీఎస్, టైప్-సీ ఛార్జింగ్. 60 వేల లోపే అయింది. 18 శాతం జీఎస్టీ విడిగా చూపించిన బిల్లు తీసుకుని, ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఇంకో రెండేళ్లకు పొడిగించుకున్నాను. నో-కాస్ట్ ఈఎంఐ వద్దన్నాను. వడ్డీని డిస్కౌంటుగా ఇచ్చినా ఆ వడ్డీ మీద జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు మన మీదే పడతాయి. నెలనెలా కట్టుకునే అవసరం ఉంటే తీసుకోవచ్చు, కానీ అది ఉచితం అనుకుని తీసుకోకూడదు.

ఫిబ్రవరి

విండోస్ పక్కనే లినక్స్ వేశాను, వైఫై, స్లీప్, బ్రైట్‌నెస్ కీలు మొదటిసారే పనిచేశాయి. స్కాన్‌టైలర్ అవుట్‌పుట్ బ్రౌజర్ తెరిచి ఉండగానే నడుస్తోంది, స్వాప్ గీత లేవలేదు. పదహారు థ్రెడ్‌లు ఉన్నా ఓసీఆర్‌కి ఎనిమిది పేజీలే ఒకేసారి ఇస్తున్నాను. పదహారు ఇస్తే ఫ్యాన్ మోత పెరిగింది గాని పని పెద్దగా ముందుకు జరగలేదు. ఇదివరకు రాత్రికి వదిలిన పుస్తకం ఇప్పుడు అన్నం తిని వచ్చేసరికి సిద్ధంగా ఉంటోంది. దీనివల్ల వచ్చిన పెద్ద లాభం, ఒక పేజీ బాగా రాకపోతే సెట్టింగ్ మార్చి వెంటనే మళ్లీ నడపగలగడం. ఎంత ముదురైతే నలుపు, ఎంత లేతైతే తెలుపు అని విడదీసే హద్దు కాస్త అటూ ఇటూ జరిపితే విరిగిన సున్నలు, తెగిన దీర్ఘాలు చాలావరకు అతుక్కుంటున్నాయి. ఆ మేరకు ప్రూఫ్‌లో దిద్దుబాట్లు తగ్గాయి.

పాతదాన్ని అమ్మలేదు. కెమెరాకి కేబుల్‌తో తగిలించి ఫొటోలు నేరుగా డిస్కులోకి తీసుకునే పనికి పెట్టాను, దానికి 8 జీబీ బోలెడు. కొత్తదాని ఖాళీ స్లాట్‌లో రెండో ర్యామ్, రేట్లు దిగాక వేస్తాను. ఈలోపు వరసలో ఉన్నది రెండు కాలమ్‌ల అచ్చున్న పాత నిఘంటువు. స్కాన్‌టైలర్‌లో కాలమ్‌లు విడదీసే పద్ధతి ముందు పది పేజీల మీద పరీక్షించాలి.